మా పాపకు ఇంట్లోనే తీసిన తొలి ఫోటోలు

అక్క కాన్పుకు తిరుపతిలో మా ఇంటికే వచ్చింది. పాప పుట్టిన రెండు వారాల లోపే ఫోటోలు తీయాలని నేనే పట్టుబట్టాను. అప్పుడు పసిబిడ్డలు ఎక్కువసేపు నిద్రపోతారు, కడుపులో ఉన్నట్టే కాళ్లూ చేతులూ ముడుచుకుంటారు. నెల దాటితే అలా ముడుచుకోవడం తగ్గిపోతుంది. బావ స్టూడియో అన్నాడు కానీ, పచ్చి బాలింతను, పసిగుడ్డును బయట తిప్పడానికి అవ్వ ససేమిరా ఒప్పుకోలేదు. నాకూ ఇల్లే మేలనిపించింది.

తిరుపతి వాళ్లకు దిక్కులు వెతుక్కునే పని లేదు. కొండ ఎటుంటే అటు ఉత్తరం. మా గదిలో కిటికీ కొండ వైపే ఉంది కాబట్టి ఎండ నేరుగా పడడం తక్కువ, వెలుతురు మెత్తగా వస్తుంది. ఎండ పడే కిటికీ అయితే తెల్ల పంచె అడ్డం కడితే చాలు. ట్యూబ్‌లైటు ఆర్పేశాను. రెండు రకాల వెలుతురు కలిస్తే ఒంటి రంగు తేడాగా వస్తుంది. ఫ్లాష్ జోలికి పోనేలేదు. పాప తలను కిటికీ వైపు కొంచెం ఏటవాలుగా ఉంచాం. వెలుతురు కాళ్ల వైపు నుంచి వస్తే నీడలు పైకి పాకి ముఖం కళ తప్పుతుంది.

పొద్దున అవ్వ కాళ్లు చాపుకుని పాపకు నీళ్లు పోసింది. అక్క పాలిచ్చి, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించింది. ఆ తర్వాత పట్టిన నిద్రే మాకు కావాల్సింది. ఫ్యాన్ ఆపి, పరుపు మీద అమ్మ పాత నూలు చీర మడతపెట్టి పరిచి, పాపను వెల్లకిలా పడుకోబెట్టాం.

గడ్డం కింద రెండు చేతులు పెట్టుకున్న పసిపాపల ఫోటోలు చూసి అక్క అలాంటిదొకటి అడిగింది. అది ఒకే ఫోటో కాదని చెప్పాను. ఒకసారి తల, ఇంకోసారి చేతులు పెద్దవాళ్లు పట్టుకోగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో కలుపుతారు. మెడ నిలవని బిడ్డతో ఇంట్లో చేయాల్సిన పని కాదు. అక్క వెంటనే వద్దంది. పాప ఎలా పడుకుంటే అలాగే తీశాను.

మధ్యలో ఉలిక్కిపడి రెండు చేతులూ చాపేసేది. అమ్మ తన అరచెయ్యి పాప ఛాతీ మీద ఆనించగానే సర్దుకునేది. ఆ గాజుల చెయ్యి ఫోటోల్లో పడనిచ్చాను, అది ఉంటేనే పాప ఎంత చిన్నదో తెలుస్తుంది. ఫోన్ మరీ దగ్గర పెడితే ముక్కు పెద్దదిగా వస్తుంది. అందుకే కొంచెం వెనక్కి జరిగి టూ ఎక్స్ జూమ్‌లో తీశాను. ఫోన్ పాప ముఖానికి సరిగ్గా పైన పట్టుకోలేదు, చెయ్యి జారితే ఇంకేమన్నా ఉందా!

నాకు బాగా నచ్చింది అక్క చూపుడువేలిని పాప గుప్పిట బిగించిన ఫోటో. బియ్యపు గింజంత గోళ్లు, మణికట్టు దగ్గర పొరలుగా లేస్తున్న చర్మం. ఆ పొరలు మామూలే, వాటంతటవే పోతాయి. ఫిల్టర్ వేసి చెరపలేదు. బుగ్గన అవ్వ పెట్టిన దిష్టిచుక్కనూ అలాగే ఉంచాను.

పురిటి మైల తీరేదాకా ఎవరికీ పంపొద్దని అవ్వ గట్టిగా చెప్పింది. బావకు మాత్రం పంపాం. మంచివి ఏరి ప్రింటు వేయించి ఆల్బంలో పెట్టాం, ఫోన్‌లో ఉన్నవి ఎప్పుడు పోతాయో తెలియదు కదా.