లింక్ పంపిస్తాడట

“నేను చెప్పను అమ్మా. లింక్ పంపిస్తా, చూసుకోమను.” జూన్‌లో శ్రీకాకుళం వెళ్లినప్పుడు మా పన్నెండేళ్ల అబ్బాయి అన్న మాట ఇది. అడిగింది మా అన్నయ్య కూతురు. అరసవల్లి గుళ్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద మార్చిలో ఓసారి, అక్టోబరులో ఓసారి పడతాయి కదా, అలా రెండుసార్లు ఎందుకని తన సందేహం.

వాడికి తెలియక కాదు. భూమి 23.5 డిగ్రీలు వాలి ఉండటం, రుతువులు మారడం అన్నీ ఆన్‌లైన్ పాఠంలో చదివాడు. సిమ్యులేషన్‌లో భూమిని తిప్పి చూశాడు, క్విజ్‌లో ఫుల్ మార్కులు కూడా. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి “అదేటి బావా, నాకర్థం కాలేదు” అంటే ఏం చేయాలో ఆ పాఠంలో లేదు. స్క్రీన్ మొహం చిట్లించదు, ఎదురు ప్రశ్న వేయదు.

నేనూ వదల్లేదు. జెట్‌లాగ్‌తో ఎలాగూ తెల్లారకముందే లేస్తున్నాడని ఇద్దర్నీ డాబా మీదికి పంపాను. సూర్యుడు ఉదయించే చోటు జూన్ దాకా ఉత్తరానికి జరిగి, మళ్లీ దక్షిణానికి వస్తుందని వాడు తడబడుతూ చెప్పాడు. “అవును బావా, సంక్రాంతికి ఆ కొబ్బరిచెట్టుకి కుడిపక్కన వస్తాడు, ఇప్పుడు ఎడమకెళ్లిపోయాడు. అంటే పోతూ ఓసారి, వస్తూ ఓసారి అదే చోటు దాటతాడు!” అంది ఆ పిల్ల. కిరణాలు పడేది మార్చి విషువత్తుకు, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకు, సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు సుమారు పది రోజుల తర్వాత. లెక్క సరిపోయింది. అన్నిసార్లు భూమిని తిప్పినా వాడికి తట్టని సంగతి అది.

అమెరికాలో 2013లో వచ్చిన సైన్స్ ప్రమాణాల్లో పిల్లలు అలవరచుకోవాల్సిన పద్ధతులు ఎనిమిది ఉంటే, ఆధారాలతో వాదించడం ఏడోది, తెలుసుకున్నది ఇతరులకు చెప్పగలగడం ఎనిమిదో దాంట్లో భాగం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడే కూర్చునేవాడు అవి ఎవరితో చేస్తాడు? అందుకే ఆన్‌లైన్ పాఠం అయ్యాక ఎవరికో ఒకరికి చెప్పించమని తోటి తల్లిదండ్రులతో అంటుంటాను. వినేవాళ్లకు ఆ విషయం తెలియకపోతే మరీ మంచిది.

అయినా వాడు నోరు విప్పనిది ఆన్‌లైన్ చదువు వల్లేనా, తెలుగు సరిగా రాకపోవడం వల్లా? ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేది నేనే, హోంవర్క్ దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషులోకి దిగేదీ నేనే. అక్టోబరులో కిరణాలు పడే రోజు ఇద్దర్నీ వీడియో కాల్‌లో మాట్లాడించాలని ఉంది. పక్కన కూర్చుని మాటలు అందిస్తే, చెప్పేది నేనవుతాను. లేచి వెళ్లిపోతే ఎంతసేపు మాట్లాడుకుంటారో తెలియదు. ఈసారికి లేచి వెళ్లిపోదామనే అనుకుంటున్నాను.