గుగ్గిళ్ల శనగలతో గ్రహణం

ఆదివారం. పొద్దున్నే చిన్నది చార్టు ముందేసుకుని కూర్చుంది. సూర్యుడు, బుధుడు, శుక్రుడు, భూమి, చంద్రుడు, అంగారకుడు, అందరూ రేషన్ షాపు ముందు క్యూ కట్టినట్టు ఒకే వరసలో. నా చిన్నప్పుడూ ఇదే బొమ్మ. "నాన్నా, నిజంగా ఇంత దగ్గర దగ్గరగా ఉంటాయా?" అంది. ఉండవని చెప్పి ఊరుకుంటే పోయేది.

అమ్మ గుగ్గిళ్లకని తీసిన కాబూలీ శనగల్లో సెంటీమీటరుండే గింజ ఏరి, ఇది భూమి అన్నాను. అలాగైతే చంద్రుడు సజ్జగింజంత. స్కేలుకి ఈ చివర శనగ, ఆ చివర సజ్జ గమ్ముతో అంటించాం. మధ్యలో 30 సెంటీమీటర్లు, అంటే అసలు లెక్కలో 3,84,400 కిలోమీటర్లు. సూర్యుడికి 109 సెంటీమీటర్లు కావాలి. గేటు పక్క గోడ మీద దారంతో వలయం గీసి, పసుపు సుద్దముక్కలతో నింపేసరికి ఇద్దరి చేతులూ పచ్చబడ్డాయి.

ఇక నడక. 15 కోట్ల కిలోమీటర్లు మా పద్మారావునగర్ గల్లీలో 117 మీటర్లు, నా అడుగుల్లో 156. దారిలో 85 మీటర్ల దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద ఇంకో శనగ పెట్టాం, శుక్రుడని. బుధుణ్ణి మరిచేపోయాం. పక్కింటి పెద్దాయన మా అడుగుల లెక్క చూసి "రోడ్డు వెడల్పు చేస్తున్నారా?" అని గాబరా పడ్డారు.

156వ అడుగులో ఆగి, చిన్నది ఒక కన్ను మూసి, శనగ ఉన్న కొసని రెండో కంటి దగ్గర పెట్టుకుని గోడకేసి చూసింది. సజ్జగింజ వెనక సూర్యుడు మాయం. "గ్రహణం!" అని ఒక్క కేక. నేనూ లాక్కుని చూశాను. చంద్రుడికంటే సూర్యుడు 400 రెట్లు పెద్ద, దాదాపు 400 రెట్లు దూరం అని ఎన్నిసార్లు చదివానో. ఓ సజ్జగింజ అంత గోడబొమ్మనీ కప్పేస్తుంటే చూడటం వేరు.

అంగారకుడు ఇంకో 60 మీటర్లవతల, ఛాయ్ బండి దగ్గర.

"ఎప్పుడూ అక్కడేనా?"

"కాదమ్మా, చుట్టూ తిరగడానికి 687 రోజులు. ఒక్కోసారి మన గేటుకి అటువైపు, ఇక్కణ్ణుంచి 295 మీటర్ల దూరంలో ఉంటాడు."

"మరి పక్కింటివాడెలా అవుతాడు?"

నిజమే. సగటున చూస్తే మనకి అందరికంటే దగ్గరివాడు మేం మరిచిపోయిన ఆ బుధుడే.

తిరిగొస్తుంటే దిమ్మె మీద శుక్రుడు లేడు, పావురం ఉంది. చార్టులో మాత్రం మార్కుల కోసం అందర్నీ వరసగానే అంటించింది. అమ్మ వంటింట్లోంచి, "గ్రహణం పట్టిందన్నారుగా, గుగ్గిళ్లలో దర్భ వెయ్యాలా?" అంది.