హారం దగ్గర పోయిన మార్కులు

నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష మొదటిసారి రాసి బయటికొచ్చాక, గుర్తున్న బిట్లన్నీ బస్సులోనే నోట్సు వెనక పేజీల్లో రాసుకున్నాను. రాజమండ్రిలో ఎక్కి రావులపాలెంలో దిగేలోపు నలభై దాకా గుర్తొచ్చాయి. ఇంటికెళ్లి పుస్తకంతో సరిచూసుకుంటే ఒక్క కమ్యూనిటీ హెల్త్‌లోనే తొమ్మిది తప్పులు. తప్పుకి మూడో వంతు కోత కాబట్టి మొత్తం పన్నెండు మార్కుల దెబ్బ. మెడికల్ సర్జికల్‌కి, ఫార్మకాలజీకి రాత్రుళ్లు మేలుకుని, కమ్యూనిటీ హెల్త్‌ని మాత్రం "థియరీయే కదా, చివరి వారం చూద్దాంలే" అని పక్కన పడేశాను. దాని ఫలితమే ఇది.

అలాగని చదవలేదని కాదు. ఎండమిక్, ఎపిడెమిక్, పాండమిక్ తేడా నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఏజెంట్, హోస్ట్, ఎన్విరాన్‌మెంట్ త్రికోణం గోడ మీద గీసి పెట్టుకున్నాను. కానీ బిట్లు అలా రావు. ఈ రకంగా వస్తాయి: ఒక హాస్టల్లో 50 మంది పిల్లలున్నారు. ఒకడికి గవదబిళ్లలు వచ్చాయి. మిగతావాళ్లలో 19 మందికి ఇదివరకే వచ్చి తగ్గాయి. తర్వాతి 25 రోజుల్లో 15 మందికి వచ్చాయి. సెకండరీ ఎటాక్ రేటు (మొదటి కేసు నుంచి, అంటుకునే అవకాశం ఉన్నవాళ్లలో ఎంత శాతానికి వచ్చిందన్న లెక్క) ఎంత? నేను 15ని 50తో భాగించి 30 శాతం అని పెట్టొచ్చాను. మొదటి పిల్లాడిని తీసేయాలని గుర్తున్నవాళ్లు 49తో భాగించి 30.6 పెడతారు. ఆ పిల్లాడితో పాటు, ఇదివరకే వచ్చి తగ్గిన 19 మందిని కూడా తీసేస్తే హారం 30, జవాబు 50 శాతం. మనం ఎక్కడెక్కడ తప్పు చేస్తామో ముందే లెక్కేసి ఆప్షన్లుగా పెడతారు మరి! మన జవాబు ఆప్షన్లలో కనపడిందంటే అది కరెక్టని కాదు.

ఈ హారం సంగతి నాకు బుర్రకెక్కించింది ఏ కోచింగూ కాదు, మా అమ్మమ్మ.

ఆ జనవరి ఆఖర్లో రాజోలు దగ్గర మా మావయ్య వాళ్ల పెద్దోడికి ఆటలమ్మ పోసింది. చూద్దామని వెళ్తే గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. గడప బయటే ఆగిపోయాను. లోపల్నుంచి అమ్మమ్మ, "నీకు రెండో క్లాసులోనే పోసిందిలే, నువ్వు రావొచ్చు" అంది. మంచం మీద కూర్చుని వేళ్ల మీద లెక్క చెప్పింది: తనకి చిన్నప్పుడే పోసింది, తాతయ్యకి పోసింది, మావయ్యకి బళ్లో ఉండగా పోసింది. అత్తకి పోయలేదట, వాళ్లమ్మని ఫోన్ చేసి అడిగిందట. చిన్నోడికి, పాపకి ఎలాగూ పోయలేదు. "ఇంక ముగ్గురున్నారు" అంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ససెప్టిబుల్ కాంటాక్ట్స్, అంటే జబ్బు తగిలే అవకాశం ఇంకా ఉన్నవాళ్లు, అని నేను వంద సార్లు బట్టీ పట్టిన మాట అదే! ఇంట్లో ఏడుగురు. పెద్దోడు ప్రైమరీ (మొదటి) కేసు, తీసెయ్. రక్షణ ఉన్నవాళ్లు ముగ్గురు, తీసెయ్. హారం మూడు.

పదిహేనో రోజున చిన్నోడికి, అత్తకి ఒకేసారి పొక్కులు వచ్చాయి. అత్త పరిస్థితి చూడలేకపోయాం, పెద్దవాళ్లకి వస్తే మరీ తీవ్రంగా ఉంటుంది. పాప కథ ఇంకోలా ఉంది. పెద్దోడి ఒంటి మీద పొక్కులు కనపడిన సాయంత్రమే దాన్ని అంబాజీపేటలో వాళ్ల అమ్మమ్మగారింటికి పంపేశారు. పదహారో రోజున అక్కడ వచ్చింది. ఆటలమ్మ పొక్కులు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అప్పటికే పాప అన్న పక్కన పడుకుని లేచింది. ఐసొలేషన్‌కి, క్వారంటైన్‌కి తేడా ఇక మర్చిపోవడం నా తరం కాదు. జబ్బు వచ్చిన పెద్దోడిని వెనక గదిలో ఉంచడం ఐసొలేషన్. ఇంకా ఏమీ లేకపోయినా తగిలి ఉండొచ్చని పాపని విడిగా ఉంచితే అది క్వారంటైన్. క్వారంటైన్ ఎన్నాళ్లు అంటే గరిష్ఠ ఇంక్యుబేషన్ పీరియడ్ (క్రిమి సోకినప్పటి నుంచి జబ్బు బయటపడేదాకా పట్టే కాలం) అంత, ఆటలమ్మకైతే 21 రోజులు. పాప విషయంలో మావాళ్లు చేసింది రెండూ కాదు, జబ్బుని వేరే ఊరికి బస్సెక్కించారు.

లెక్క వెనక్కి కూడా వేసి చూశాను. పెద్దోడికి పొక్కులు వచ్చిన రోజు నుంచి ఓ పదిహేను రోజులు వెనక్కి వెళ్తే కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. వాడు తాతయ్య భుజాల మీద కూర్చుని తిరిగొచ్చాడు. అక్కడే అంటుకుందని నిరూపించలేను గానీ, ఇంక్యుబేషన్ పీరియడ్ తెలిస్తే చేసేది ఈ పనే: జబ్బు తేదీ నుంచి వెనక్కి నడిచి, ఆ రోజుల్లో ఎక్కడున్నాడో చూడటం. పెళ్లి భోజనం తిన్నవాళ్లందరికీ ఒక్క రోజులో వాంతులు పట్టుకుంటే కేసుల గ్రాఫు నిట్టనిలువుగా లేచి పడిపోతుంది, అది పాయింట్ సోర్స్, అంటే అందరికీ మూలం ఒక్కటే. మావాళ్లింట్లోలా ఒక కేసు, పదిహేను రోజుల ఖాళీ, మళ్లీ కేసులు అయితే ప్రాపగేటెడ్, అంటే ఒకరి నుంచి ఒకరికి పాకింది. గ్రాఫు బొమ్మ ఇచ్చి అడిగే బిట్లు ఇంతే.

తర్వాత బోదకాలు. మన గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఈ పాఠం ఉచితం అనుకోండి. మా వీధి చివరి మామ్మగారు ఎడమ కాలికి మాత్రమే చెప్పు వేసుకుంటారు, కుడికాలు ఏ చెప్పులోనూ పట్టదు. ఇన్సిడెన్స్, ప్రివలెన్స్ అనగానే నాకు ఆ కాలే గుర్తొస్తుంది. ఇన్సిడెన్స్ కొత్తగా వచ్చే కేసుల లెక్క, ప్రివలెన్స్ ఆ సమయంలో ఉన్న పాత, కొత్త కేసులన్నిటి లెక్క. ప్రివలెన్స్ అంటే ఇన్సిడెన్స్‌ని జబ్బు ఉండే కాలంతో గుణిస్తే వచ్చేది. విరేచనాలు వానాకాలంలో ఎంతమందికో కొత్తగా వస్తాయి, నాలుగు రోజుల్లో పోతాయి. ఏ రోజు లెక్కపెట్టినా కొద్దిమందే ఉంటారు. బోదకాలు కొత్తగా ఒక్కరికీ రాకపోయినా, వాచిన కాళ్లు బతికున్నంత కాలం లెక్కలో ఉంటాయి. ఇందులోంచే ఒక తిరకాసు బిట్టు వస్తుంది: జబ్బు నయం చేయదు గానీ చావుని ఆపే మందు వస్తే ప్రివలెన్స్ ఏమవుతుంది? తగ్గుతుందని పెట్టి వస్తాం. పెరుగుతుంది.

బోదకాలుకి రక్తపరీక్ష రాత్రిపూట చేస్తారు. బోదకాలు తెచ్చే ఉచరేరియా బాంక్రాఫ్టై అనే పురుగు పిల్లలు పగలు లోపలి రక్తనాళాల్లో ఉండి రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య ఎక్కువగా పైకి వస్తాయి, క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. ఊరంతటికీ మాత్రలు పంచేటప్పుడు గర్భిణులకి, రెండేళ్లలోపు పిల్లలకి, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకి ఇవ్వరు. దీని మీద బిట్టు తరచూ కనిపిస్తుంది.

దోమలో ఏం జరుగుతుందన్న దగ్గర నేను మూడు మాక్ టెస్టుల్లో వరసగా తప్పు పెట్టాను. బోదకాలు పురుగు దోమలో రూపం మార్చుకుంటుంది, సంఖ్య పెరగదు: సైక్లోడెవలప్‌మెంటల్. మలేరియా క్రిమి రూపమూ మారుతుంది, సంఖ్యా పెరుగుతుంది: సైక్లోప్రాపగేటివ్. ప్లేగు బాక్టీరియా ఎలుకల మీద ఉండే ఫ్లీ అనే చిన్న పురుగులో రూపం మారకుండా సంఖ్య మాత్రం పెరుగుతుంది: ప్రాపగేటివ్. పేర్లు కాకుండా ఈ రెండు ప్రశ్నలు, రూపం మారిందా, సంఖ్య పెరిగిందా అని అడుక్కుంటే చాలు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో. తెలుగు నేల మీద జరిగిన పని కాబట్టి తేదీ తప్పు పెడితే సిగ్గుచేటు.

దోమల ఇళ్లకి మా ఊరే మ్యాపు. మురుగు కాలువ క్యూలెక్స్‌ది. దింపు తర్వాత తోటలో పడేసిన కొబ్బరి చిప్పల్లో వాన నీళ్లు ఏడిస్‌వి, అది పగలు కుడుతుంది. పంటబోదెలు, వరిచేలు అనాఫిలిస్‌వి. అంతరతామర, గుర్రపుడెక్క లాంటి నీటిమొక్కల వేళ్లు పట్టుకుని బతికేది మాన్సోనియా.

నీళ్ల గురించి క్లుప్తంగా. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లే దిక్కు, అప్పుడు క్లోరినేషన్ విలువ తెలుస్తుంది. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ సుమారు 33 శాతం, మూత తీసి ఉంచితే తగ్గిపోతుంది. అందుకే నీళ్లలో ఎంత పౌడర్ కలపాలో తేల్చే హారక్స్ పరికరం: ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నీలం రంగు స్పష్టంగా వచ్చిన మొదటి కప్పు మూడోదైతే, మూడు రెళ్లు ఆరు గ్రాములు, 455 లీటర్ల నీటికి. గంట తర్వాత లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రోడ్డు పక్కన ముగ్గులా చల్లే పౌడర్‌కి ఈ లెక్కలేవీ వర్తించవు, అది వేరే శాస్త్రం.

కలరా ఎలా పాకుతుందో వెతికిన డాక్టర్ జాన్ స్నో గురించి అందరూ చదివేది 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి తీయించడం. పిడి తీసింది సెప్టెంబరు 8న, అప్పటికే కేసులు తగ్గుముఖం పట్టాయి. నా దృష్టిలో ఆయన అసలు పని వేరే ఉంది. రెండు కంపెనీలు ఒకే వీధుల్లో నీళ్లు అమ్మేవి. ఒకటి లండన్ మురుగు కలిసే చోట థేమ్స్ నీళ్లు తోడేది, రెండోది ఎగువకి మారిపోయింది. ఎంతమంది పోయారు అని ఆగిపోకుండా, ఆ కంపెనీ నీళ్లు ఎన్ని ఇళ్లకి వెళ్తున్నాయి అని లెక్క తీశాడు. పదివేల ఇళ్లకి మొదటి కంపెనీలో 315 చావులు, రెండోదానిలో 37. కలరా క్రిమి గురించి ఏమీ తెలియకుండానే! అక్కడా హారమే.

ఎలా చదివానంటే, కొత్త మెటీరియల్ ఏదీ కొనలేదు. నైట్ డ్యూటీలో రెండింటి నుంచి నాలుగింటి దాకా వార్డు నిద్రపోయే సమయంలో తప్పు బిట్ల నోట్సు ఒక్కటే తిరగేసేదాన్ని. జవాబు కాకుండా, నేను ఎందుకు తప్పు పెట్టానో ఒక వాక్యం రాసుకునేదాన్ని. "50తో భాగించాను" అని ఎన్ని చోట్ల రాసి ఉందో చూస్తే నవ్వొచ్చేది. ఫ్రెండు నేనూ వారానికోసారి ఫోన్లో బిట్లు తయారుచేసి ఒకరినొకరం ఇరికించుకునేవాళ్లం. బిట్టు తయారుచేయడం మొదలుపెట్టాకే పేపర్ పెట్టేవాళ్ల బుద్ధి అర్థమైంది.

రెండోసారి గట్టెక్కాను, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ కూడా అయింది. హారక్స్ వచ్చింది, నాలుగో కప్పు, ఎనిమిది గ్రాములు. దోమల బిట్టు వచ్చింది. కేస్ కంట్రోల్ స్టడీలో ఏది లెక్కించగలం అన్నదానికి మాత్రం రిలేటివ్ రిస్క్ (కారణం తగిలినవాళ్లకి తగలనివాళ్ల కన్నా జబ్బు ఎన్ని రెట్లు వస్తుందన్న లెక్క) అని పెట్టొచ్చాను. అందులో జబ్బు వచ్చినవాళ్లని, రానివాళ్లని మనమే ఏరుకుంటాం కాబట్టి అసలు ఎంతమందిలో వచ్చిందో తెలియదు, రెండు గుంపుల్లో కారణం తగిలినవాళ్ల, తగలనివాళ్ల నిష్పత్తులని పోల్చే ఆడ్స్ రేషియోతో సరిపెట్టుకోవాలి. హాలు మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది.