కుండలో అంతరిక్షం: తొమ్మిదో అతుకు కూడా కారింది

స్టీలు కుండలోంచి గాలి లాగేసి, దాని మూతకు బిగించిన రేకులోని చిన్న రంధ్రాన్ని అతుకు వేసి మూయడం నా ఇంటి ప్రయోగం. నిన్న రాత్రి పదకొండున్నరకు పంపు ఆపి, వాల్వు బిగించి పడుకున్నాను. అప్పుడు కుండలో పీడనం 12 మిల్లీబార్లు. పొద్దున్నే ఐదింటికి లేచి, పళ్లయినా తోముకోకుండా వెళ్లి చూస్తే 221. ఐదున్నర గంటల్లో 209 పెరిగింది, అంటే గంటకు 38. గత వారం ఇదే పద్ధతిలో, ఇదే రెసిన్‌తో (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు), ఇదే మందం రేకు మీద వేసిన ఎనిమిదో అతుకు గంటకు 4 దగ్గర బుద్ధిగా కూర్చుంది. రంధ్రమే లేని రేకు బిగించినా గాస్కెట్ (మూత కింద గాలి చొరకుండా పెట్టే రబ్బరు పట్టీ) సందుల్లోంచి గంటకు 3 ఎటూ పోతుంది కనుక, నా లెక్కలో 4 అంటే కారనట్టే. మరి ఈ తొమ్మిదోదానికి ఏ గాలి సోకిందో!

కొత్తగా చదివేవారి కోసం ఒక్క ముక్క. 2018 ఆగస్టు 29న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పీడనం మెల్లగా తగ్గుతోందని భూమి మీద కూర్చున్నవాళ్లు గమనించారు. అంత తొందరేమీ లేదని, నిద్రపోతున్న ఆరుగురినీ లేపలేదు. మర్నాడు వెతికితే, కేంద్రానికి అతుక్కుని ఉన్న రష్యా వాళ్ల సోయుజ్ ఎంఎస్-09 నౌక ముందు భాగం, ఆర్బిటల్ మాడ్యూల్‌లో సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రం దొరికింది. జర్మన్ వ్యోమగామి అలెగ్జాండర్ గెర్స్ట్ దాని మీద వేలు పెట్టాడు. తర్వాత వేడికి తట్టుకునే కాప్టన్ టేపు వేశారు. ఆ తర్వాత రష్యన్ వ్యోమగాములు కట్టు గుడ్డకు ఎపాక్సీ రెసిన్ పట్టించి రంధ్రాన్ని మూశారు. అందులో ఒక గాలి బుడగ లేచింది. దాన్ని కదపకుండా ఆరనివ్వమని కింది నుంచి చెప్పారు. అతుకు నిలిచింది. డిసెంబరు 20న ముగ్గురు అదే నౌకలో క్షేమంగా దిగారు. ఆర్బిటల్ మాడ్యూల్‌ను దిగేటప్పుడు దారిలోనే వదిలేస్తారు, అది గాలిలో కాలిపోతుంది. కాబట్టి ఆ అతుకును కింద ఎవరూ కోసి చూడలేదు. అంతకు తొమ్మిది రోజుల ముందు, డిసెంబరు 11న, రష్యన్ వ్యోమగాములు కొనొనెంకో, ప్రొకోప్యెవ్ బయటికి వెళ్లి, నౌక మీది రక్షణ పొరలను కత్తితో చీల్చి నమూనాలు తీసుకున్నారు. ఆ పనికి 7 గంటల 45 నిమిషాలు పట్టింది.

ఆ అతుకు పనిని బెంగళూరులో, మారతహళ్లిలోని మా రెండు గదుల ఇంట్లో చేసి చూడాలన్నది నా పిచ్చి. ఏర్పాటు తిరగేసి ఉంటుంది. నేను కూర్చున్న గది నౌక. 10 లీటర్ల స్టీలు కుండ అంతరిక్షం. మధ్యలో, 20 మిల్లీమీటర్ల యాక్రిలిక్ మూతకు బిగించిన అల్యూమినియం రేకు నౌక గోడ. గోడలో 2 మిల్లీమీటర్ల రంధ్రం.

మొదట్లో నన్ను తికమక పెట్టిన సంగతి బలం. కుండ మూత మొత్తం మీద గాలి బరువు లెక్క వేస్తే 570 కిలోలు వస్తుంది, అందుకే పంపు నడిచేటప్పుడు పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వను. కానీ 2 మిల్లీమీటర్ల రంధ్రం మీద పడేది 29 గ్రాములే. నాలుగు పది రూపాయల బిళ్లల కంటే కాస్త తక్కువ. అంత మాత్రం బరువును బస్సు టికెట్టు కూడా ఆపుతుంది. కాబట్టి బలమైన జిగురు వెతకడంలో గడిపిన మొదటి నెల నాకు దండగే. పోరు బలంతో కాదు, జిగురు ఆరేలోపు గాలి అందులో తవ్వుకునే సన్నటి దారితో.

ఇంకో నెల గేజి మీద అనుమానంతో పోయింది. ఆ గేజి పాదరసం మిల్లీమీటర్లలో చూపుతుంది. ఎంత సేపు పంపు నడిపినా సూది 685 దాటేది కాదు, 760 దాకా వెళ్లాలి కదా అని ఆయిలు రెండుసార్లు మార్చాను, గొట్టాలన్నీ విప్పి బిగించాను. చెన్నైలో ఉండే బావమరిది ఫోనులో విని నవ్వాడు. "బావా, మీరు సముద్రానికి 900 మీటర్ల పైన కూర్చున్నారు. మీ ఊళ్లో లేని గాలిని పంపు ఎక్కడి నుంచి లాగుతుంది?" నిజమే. బెంగళూరు గాలి పీడనమే 910 మిల్లీబార్ల చిల్లర. సున్నా దాకా లాగినా, బయటి గాలితో పోల్చి చూపే గేజి ఇక్కడ 685 దగ్గరే ఆగుతుంది. అప్పటి నుంచి గేజిని అలంకారానికి ఉంచి, కుండ లోపల పీడనం కొలిచే ఎంఎస్5611 సెన్సార్ పెట్టాను. అది 10 మిల్లీబార్ల దాకా నమ్మకంగా చదువుతుంది. చాలామంది వాడే బీఎంపీ280 సెన్సార్ ఈ పనికి రాదు, దాని కొలత 300 దగ్గరే ఆగిపోతుంది.

రంధ్రం తెరిచి ఉంచి పంపు నడిపితే సూది 370 దగ్గర నిలబడిపోయింది, లాగేదానికీ దూరేదానికీ సరిపోయింది. వేలు పెడితే గబగబా 680కి ఎక్కింది. వేలి కొన మీద ఎర్రటి చుక్క పది నిమిషాలు ఉంది, నొప్పి మాత్రం లేదు. పంపు ఆపి వేలు తీస్తే కుండ అర నిమిషంలో నిండింది. ఇదే రంధ్రం గుండా అంతరిక్ష కేంద్రం నుంచి పోయేది, నా లెక్కలో, రోజుకు 37 ఘనపు మీటర్లు. వాళ్ల దగ్గరున్నది సుమారు 900. నిద్ర లేపకపోవడం సబబే అనిపించింది.

ఒకటి నుంచి ఐదు దాకా ప్రయత్నాలు త్వరగా చెప్పేస్తాను. టేపు ఒక్కటే: రెండు రోజులు పరవాలేదు, మూడో రోజు అంచు లేచింది. ఎం-సీల్ ముద్ద నలిపి అద్దితే మొదటిసారే గంటకు 5. అది అంత సులువుగా పనిచేయడం నాకు నచ్చలేదు, పక్కన పెట్టాను. ఐదు నిమిషాల్లో గట్టిపడే రెసిన్ నేరుగా రంధ్రం మీద వేస్తే, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు సన్నటి తీగలా కుండలోకి దిగిపోయింది. పైన చిన్న గుంట మిగిలింది. రెండోసారీ అంతే. ఐదోసారి నెమ్మదిగా గట్టిపడే అరాల్డైట్ వాడాను, ఇంకా పొడవైన జంతిక వచ్చింది. అయినా నా ఓటు ఆ పాత నెమ్మది రకానికే. త్వరగా ఆరేవి కలిపేటప్పుడే వేడెక్కుతాయి, ఆ వేడికి బుడగలు ఉబ్బుతాయి. తొందరపడే జిగురుతో నాకు పడదు.

ఆరు, ఏడు కట్టు గుడ్డతో. నాలుగు మడతలు వేసి, వ్యోమగాములు చేసినట్టే రెసిన్‌లో తడిపి, అద్దాను. జంతిక దిగలేదు. గుడ్డ రెసిన్‌ను పట్టుకుని నిలబెట్టింది. నలభై నిమిషాలకు నడి మధ్యలో కందిగింజంత బుడగ లేచినప్పుడు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను, అచ్చం వాళ్లకు వచ్చినట్టే వచ్చిందని. ఇరవై నాలుగు గంటలు ఆరాక కొలిస్తే గంటకు 41. ఏడోది 44. గంటకు 40 అంటే వెంట్రుకలో సగం మందం రంధ్రంతో సమానం. కంటికి కనబడదు. అగరుబత్తి పొగ పెట్టి చూశాను, పొగ ఫ్యాను గాలికే ఎక్కువ మర్యాద ఇచ్చింది. 2020లో అంతరిక్ష కేంద్రంలోని రష్యన్ భాగం జ్వెజ్దా మాడ్యూల్‌లో కారే చోటును రష్యన్ వ్యోమగామి ఇవానిషిన్ టీ ఆకులు గాలిలో వదిలి పట్టుకున్నాడు. బరువు లేని చోట ఆకు తేలుతూ పగులు వైపు పోతుంది. మా ఇంట్లో టీ పొడి నేల మీదకు పోతుంది, తర్వాత చీపురు నా చేతికి వస్తుంది.

అప్పుడు తట్టింది, బట్టలకు వేసే నీలం. అతుకు మీద నాలుగు చుక్కలు వేసి, పంపు నడిపి, రాత్రంతా వదిలేశాను. పొద్దున రేకు అడుగున ఆవగింజంత నీలపు చుక్క. రేకును హాక్సా బ్లేడుతో రంధ్రం మధ్యగా కోసి, నీళ్లు పోసి నునుపు చేసి భూతద్దంలో చూశాను. గుడ్డ దారాల వెంట దారి ఉంటుందని నా అనుమానం. దారాలు శుభ్రంగా ఉన్నాయి. దారి బుడగల వెంట ఉంది. రెసిన్ కలిపేటప్పుడు చిక్కుకున్న పిసరంత బుడగలు, శూన్యం తగలగానే ఉబ్బి, ఒకదానితో ఒకటి చేతులు కలిపి, రంధ్రం నోటి దాకా గొలుసు కట్టాయి.

అంటే ఆరేదాకా తడి రెసిన్‌కు శూన్యం తగలకూడదు. ఎనిమిదోసారి ముందు 6 మిల్లీమీటర్ల టేపు చుక్క రంధ్రం మీద అంటించి, దాని మీద 30 మిల్లీమీటర్ల వెడల్పున గుడ్డ, రెసిన్ వేశాను. గంటకు 4.

ఇక తొమ్మిదో దాని గొడవ. పొద్దున్నుంచి నా అనుమానాలన్నీ వరసగా వేసుకున్నాను. మొదటిది చలి. ఎనిమిదోది వేసిన రోజు గదిలో 26 డిగ్రీలు, నిన్న రాత్రి 19. చల్లబడితే రెసిన్ ఆలస్యంగా గట్టిపడుతుంది, గాలికి తవ్వుకోవడానికి అంత ఎక్కువ వ్యవధి. నమ్మదగ్గ కారణమే. కానీ తొమ్మిదోదాన్ని ఆరబెట్టింది పగలు, టేబుల్ లైటు కింద. చలి వచ్చింది కొలిచేటప్పుడే. రెండోది రెసిన్ పాళ్లు. రెండుసార్లూ తూకం వేసి సమానంగానే కలిపాను, కాగితం మీద అంకెలున్నాయి. మూడోది టేపు. నేను వాడేది ఎస్‌పీ రోడ్డులో కొన్న, పేరు లేని టేపు చుట్ట, అసలు డూపాంట్ కాప్టన్ కాదు. అయితే రెండుసార్లూ అదే చుట్ట. నాలుగోది డ్రిల్లు దిగిన వైపు లేచే పదునైన అంచు. రెండింటికీ పెద్ద డ్రిల్లు బిట్టు చేత్తో తిప్పి తీసేశాను. ఐదోది నూనె చెయ్యి. తొమ్మిదోదాన్ని ఎసిటోన్‌తో రెండుసార్లు తుడిచాను, ఎనిమిదోదాన్ని ఒక్కసారే.

ఇక్కడే ఆగాల్సింది, ఆగలేదు. మధ్యాహ్నం దాకా గాస్కెట్‌ను తిట్టుకుంటూ రంధ్రం లేని రేకు పెట్టి మళ్లీ కొలిచాను. గంటకు 3. గాస్కెట్‌కు క్షమాపణ.

తర్వాత తొమ్మిదోదానికీ నీలం పెట్టాను. సాయంత్రం ఐదింటికి అడుగున చుక్క కనిపించింది. ఈసారి కోయలేదు. రేకును ఇస్త్రీ పెట్టె మీద వేడి చేస్తే రెసిన్ మెత్తబడి అతుకు ఒక్క ముక్కగా ఊడింది. (ఇస్త్రీ పెట్టె సంగతి ఇంట్లో ఇంకా తెలియదు.) టేపు చుక్క అడుగున, రేకు మీద, దువ్వెన పళ్లలా సమాంతరంగా నీలపు గీతలు! పదో పన్నెండో ఉన్నాయి, అన్నీ అటు నుంచి ఇటు, రంధ్రం నోరు దాటి పోతున్నాయి.

అవి నేను గీసిన గీతలు. 80 నంబరు ఎమరీ పేపరు గీతలు. ఎనిమిదోసారి బద్ధకించి రంధ్రం చుట్టూ, టేపు పడే చోటు వదిలేసి, అంచులే గరుకు చేశాను. తొమ్మిదోసారి, ఈసారైనా పద్ధతిగా చేద్దామని రేకు మొత్తం రుద్దాను. రెసిన్‌కు గరుకు కావాలి, టేపుకు నునుపు కావాలి. టేపు జిగురు ఆ గీతల్లోకి దిగలేదు. వాటి గుండా గాలి జారి, పైనున్న తడి రెసిన్‌లోంచి దారం లాంటి దారి లాక్కుంది. అతుకులో ఆ నీలపు దారం ఒక్కటే ఉంది, అంచు నుంచి చుక్క దాకా.

ఇంతకన్నా సిగ్గు ఏమిటంటే, ఈ సమాచారం నా దగ్గర ముందే ఉంది. రెసిన్ వేసే ముందు టేపు ఒక్కటే ఉన్నప్పటి అంకెలు సెన్సార్ రాసి పెట్టింది. ఎనిమిదోది గంటకు 5. తొమ్మిదోది గంటకు 55. అప్పుడు చూసి ఉంటే టేపు పీకి మళ్లీ అంటించేవాడిని. వ్యోమగాములు టేపు వేశాక పీడనం చూశారు. నేను టేపు వేశాక కాఫీ తాగడానికి వెళ్లాను.

ఇది ఇంకా ఊహే. నిర్ధారణకు రెండు రేకులు కావాలి, ఒకటి నడి మధ్య నునుపుగా, ఒకటి కావాలని గీతలతో. ఎస్‌జేపీ రోడ్డులో 100 మిల్లీమీటర్ల చదరపు ముక్కలు కోసి ఇస్తారు, శనివారం నాలుగు తెస్తాను. గీతలను అడ్డంగా కాకుండా రంధ్రం చుట్టూ గుండ్రంగా రుద్దితే ఏమవుతుందో కూడా చూడాలి. సున్నాలా తిరిగే గీత గాలిని లోపలికి చేర్చదు కదా. అది పనిచేస్తే మొత్తం రేకును రుద్దుకోవచ్చు.

రెసిన్‌ను కలిపిన వెంటనే ఐదు నిమిషాలు కుండలోనే పెట్టి బుడగలు తీసేయమని బావమరిది సలహా. మంచిదే, కానీ నౌకలో ఉన్నవాళ్లు దాన్ని ఎక్కడ పెడతారు? దానికోసం ఇంకో రంధ్రం చేయాలి. నేను ఒప్పుకోలేదు.

సంక్రాంతికి చెన్నై వెళ్తున్నాం. అక్కడ సముద్ర మట్టం, అంతరిక్ష కేంద్రం లోపల ఉండేంత పీడనమే, 1013 మిల్లీబార్ల దరిదాపు. ఇక్కడి 29 గ్రాములు అక్కడ 32 అవుతాయి. మూడు గ్రాముల కోసం పంపు, కుండ, మూత కలిపి పద్నాలుగు కిలోలు బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో మోయాలా అని మా ఆవిడ అడిగింది. "ఏమండీ, కుండ వస్తే నేను రాను" అని కూడా అంది. మూత, రేకులు మాత్రం తీసుకెళ్లి, కుండ అక్కడే కొనాలని ప్రస్తుతానికి ఒప్పందం. వాళ్లింట్లో పెద్ద బిర్యానీ గిన్నె ఒకటి ఉందని నాకు తెలుసు. ఆ మాట ఇంకా ఎత్తలేదు.

పాత రేకుల్లో ఒకటి మిగిలి ఉంటే, దాని మధ్య భాగం 1000 నంబరు పేపరుతో నునుపు చేసి, టేపు చుక్క అంటించి నలభై నిమిషాలైంది. ఈసారి కాఫీకి వెళ్లలేదు. 12 నుంచి 15కు వచ్చింది. రెసిన్ కలపడానికి లేస్తున్నాను.