ముత్తవ్వ తవ్వించిన బావి: వంశవృక్షం పనిలో ఇప్పటివరకు తేలినవి

ధాత నామ సంవత్సరంలో మా ముత్తవ్వ తన కాసులపేరు అమ్మి, చంద్రగిరి దగ్గరి మెట్టచేనిలో బావి తవ్వించిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. చెప్పేవారిలో చాలామంది దీన్ని ధాత కరువుతో ముడిపెడతారు గానీ, ఆ కరువు 1876-77 నాటిది. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి కనుక 1936-37 కూడా ధాతే. ముత్తవ్వ విజయ నామ సంవత్సరంలో (1953-54), రథసప్తమి మరునాడు, యాభై దాటిన వయసులో పోయిందని మా పెద్దత్త చెప్పింది. అందువల్ల బావి రెండవ ధాతలోనిదే అయివుండాలి.

తిథులను తేదీలుగా మార్చేటప్పుడు ఒకటి గమనించాలి. విజయ సంవత్సరం 1953 ఉగాదితో మొదలైనా, రథసప్తమి మాఘంలో వస్తుంది కాబట్టి ఆమె పోయినది 1954 ఫిబ్రవరిలో. సత్యవేడు, నగరి వైపు తమిళ పంచాంగం పాటించే ఇళ్ళలో సంవత్సరం ఏప్రిల్ నడుమ మారుతుంది గనుక, ఎవరి లెక్కో కూడా పక్కనే రాసుకుంటున్నాను.

ఈసారి ఎక్కువ పని రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద జరిగింది. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పేర్ల వారీగా ఉండే సూచిక ఇండెక్స్-1లో రాసిచ్చినవారు, రాయించుకున్నవారు మాత్రమే ఉంటారు. ముత్తవ్వ తన పేరిట ఏదీ కొనలేదు, అమ్మలేదు కనుక అందులో ఆమె కనిపించదు. అందుకని ఆస్తుల వారీగా ఉండే ఇండెక్స్-2లో మా చేనికి ఆనుకున్న సర్వే నంబర్లన్నీ చూసి, ఇరుగుపొరుగు వారి క్రయదస్తావేజులకు నకళ్ళు తీయించాను. 1938 నాటి ఒక దస్తావేజు చెక్కుబందీలో, అంటే నాలుగు దిక్కుల హద్దుల వివరంలో, పడమటి హద్దుగా, ముత్తవ్వ పేరూ ఆమె బావీ ఉన్నాయి. భర్త పేరు చెప్పి ఊరుకోకుండా బావిని ఆమెదిగానే రాశారు. ఆ పంక్తి చదివినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంటి ఆడవారిని వెతికేవారు తమ దస్తావేజులతో ఆగిపోకుండా పక్కవారి హద్దులు తప్పక చదవాలని నా గట్టి అభిప్రాయం.

పెద్దత్త మాటలను ఫోనులో రికార్డు చేసి, ఆమె యాసను దిద్దకుండా రాసుకుంటున్నాను. “కపిల తోలే కాలంలో ఏటా పూడిక తీసేవాళ్ళు నాయనా, ముందు గంప మన్ను ఆమే ఎత్తేదంట” అన్న మాట ఏ దస్తావేజులోనూ దొరికేది కాదు. (కపిల అంటే ఎద్దులతో బావినీరు తోడే సాధనం.)

ఇక మిగిలినది పుట్టింటి వైపు. ముత్తవ్వది తిరుత్తణి పక్క పల్లె. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది కాబట్టి, ఆనాటి జిల్లా కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళాలి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది, ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. అక్కడి భూమి రికార్డులు తమిళంలో ఉంటాయి గనుక చదివిపెట్టే మనిషిని మాట్లాడుకున్నాను. అయితే ఆ పల్లెలో ముత్తవ్వ తమ్ముడి కోడలు ఇంకా ఉన్నదని తెలిసింది. ఆర్కైవ్స్ పని తరువాత పెట్టుకుని, ముందు ఆమె దగ్గరికే వెళుతున్నాను.