ఏ చెవి?

పదకొండున్నర. అమ్మ పడుకుంది. నాకే నిద్ర పట్టట్లేదు. కారణం చెప్తే నవ్వుతారు: నాన్న బీడీ.

నాన్న మట్టి విగ్రహానికి తల దాదాపు అయిపోయింది. బాబాయ్ (వినాయకచవితికి బొమ్మలు చేసే బాబాయే, ఇంకెవరు) ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కర్రకి వరిగడ్డి చుట్టి, ఊకా కొబ్బరిపీచూ కలిపి తొక్కిన మట్టి దాని మీద మెత్తుకుంటూ పోతాడు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు అడుగు నుంచి తీసిన ఒండ్రు. నాన్న లస్కరుగా షట్టర్లు తిప్పిన కాలువే.

తమ్ముడు వీడియో కాల్‌లో చూసి, "ముక్కు పకోడీలా ఉందేంటక్కా! కొత్తపేటలో ఫైబర్‌తో చేయించి గోల్డ్ కలర్ కొట్టిద్దాం, ఖర్చు నాది" అన్నాడు. ఖర్చు నాది! అమ్మ మోకాళ్ల విషయంలోనూ ఆర్నెల్లుగా ఇదే మాట. కొత్తపేటని నేనేమీ అనట్లేదు, అక్కడి శిల్పి వడయార్ గారి విగ్రహాలు రాష్ట్రమంతా ఉన్నాయి. కానీ అలాంటి విగ్రహాలకీ ముందు చేసేది మట్టితోనే కదా. దాని మీద అచ్చు తీశాకే ఫైబరో కంచో. పైగా కాటన్ దొర విగ్రహంలా ధగధగలాడాలట. దొర 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు, నాన్న షట్టర్లు తిప్పాడు. ఇద్దరికీ ఒకటే రంగా?

సరే, ముక్కు విషయంలో వాడన్నది నిజమే. 96 తుపానుకి ఫోటోలన్నీ పోయి, ఎదురుగా తీసిన కార్డు ఫోటో ఒక్కటే మిగిలింది. పక్క నుంచి ముక్కు ఎంత లేస్తుందో అదెలా చెప్తుంది? అందుకే బాబాయ్ మమ్మల్నే అడుగుతాడు. పొద్దున, "బీడీ ఏ చెవిన పెట్టేవోడమ్మా అన్నయ్య?" అంటే "కుడి" అనేశాను ఠక్కున.

గడ్డం గీసుకునేటప్పుడు నాన్న వసారా గుంజకి అద్దం తగిలించేవాడు. నేను వెనకాల పీటెక్కి నిలబడేదాన్ని. బుగ్గ లాగి పట్టుకున్న రెండు వేళ్లు, నురగ, చెవి మీద సగం కాల్చి ఆర్పిన బీడీ. అది తడవకుండా తల ఒక పక్కకే వంచేవాడు. చివర్లో నా ముక్కు మీద కాస్త నురగ. ఆ మొహమే నాకు గుర్తున్నది. అంటే అద్దంలో మొహం! ఎదురుగా ఉన్న మనిషి లెక్కన కుడి అన్నాను. అది ఎడమ చెవి.

అక్కకి మెసేజ్ పెడితే "కుడే, నాకు బాగా గుర్తు" అంది. నిన్న పెట్టిన తాళంచెవి గుర్తుండదు గానీ ఇది గుర్తుందట. అదీ అద్దంలోనే చూసుంటుంది.

తల మీద తడి గోనె కప్పి ఉంది, పచ్చిగానే ఉంటుంది. ఆరింటికల్లా వెళ్లి చెవి మార్పించాలి. ముక్కు సంగతి మాత్రం ఎత్తను. సాయంత్రం లైటు వేశాక పక్క నుంచి చూశాను, అచ్చం తమ్ముడి ముక్కే.