పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మన సంఘాల్లో కొత్త ఏడాదికి ఒక్కో బైబిల్ వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డులు పళ్లెంలో పెడతారు. ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. ఈ మధ్య నేను గమనిస్తున్నది ఏంటంటే, కార్డు మీద శ్రమ, ఓర్పు అనే మాట కనబడితే చాలు, మెల్లగా కింద పెట్టి ఇంకోటి తీస్తున్నారు. పెద్దవాళ్లే! మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే, మీకు మంచి భవిష్యత్తు, నిరీక్షణ ఇస్తాను అనే యిర్మీయా 29:11 వస్తే మాత్రం వెంటనే ఫొటో తీసి స్టేటస్ పెడతారు. సంక్రాంతి దాటకముందే అడగడం మొదలు: అక్కా, వాగ్దానం వచ్చింది కదా, ఉద్యోగం ఎప్పుడొస్తది? పెళ్లి ఎప్పుడైతది?

ఆ వచనం మీ అందరికీ కంఠతా వచ్చు. దాని పైనున్న పదో వచనం చెప్పండి చూద్దాం. యూదులను చెరపట్టుకుపోయిన బబులోను రాజ్యానికి డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాతనే మిమ్మల్ని దర్శిస్తానని అందులో ఉంది. ఏ కార్డు మీదా ఆ ముక్క అచ్చు వేయరు.

ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయంలోకి వెళ్లండి. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో నాలుగో ఏడు, అయిదో నెల. బబులోనుకు లోబడాలని గుర్తుగా యిర్మీయా ప్రవక్త మెడ మీద కొయ్య కాడి పెట్టుకుని ఉన్నాడు. మందిరంలో యాజకులు, జనమంతా చూస్తుండగా హనన్యా అనే ఇంకో ప్రవక్త లేచి, రెండేళ్లలోగా బబులోను కాడి విరిగిపోతుంది, చెరకు పోయినవాళ్లంతా తిరిగొస్తారు అన్నాడు. దేవుడే చెప్పాడు అని మరీ అన్నాడు. దానికి యిర్మీయా జవాబు చూడండి: ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక! ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఇదే. యిర్మీయాకు కూడా జనం తొందరగా ఇల్లు చేరాలనే ఉంది. దేవుని సమయం కోసం ఆగేవాళ్లకు ఆశ ఉండదని, ఏడుపు రాదని ఎవరన్నారు? తన మెడ మీది కాడిని హనన్యా లాగి విరగ్గొడితే కూడా యిర్మీయా గొడవ పెట్టుకోలేదు, తన దారిన వెళ్లిపోయాడు. తరువాత దేవుని వాక్కు వచ్చింది: కొయ్య కాడి విరిచావు, దాని బదులు ఇనుప కాడి వస్తుంది. ఆ ఏడే ఏడో నెలలో హనన్యా చనిపోయాడు. రెండేళ్లు అన్న మనిషికి రెండు నెలలే మిగిలాయి.

హనన్యాలు ఇప్పుడూ ఉన్నారు. నలభై రోజుల్లో వీసా, నెలాఖరుకు అప్పు మాఫీ అని మైకులో తారీఖులు చెప్తారు. నెలాఖరు దాటితే తప్పు మన విశ్వాసం మీదికి తోస్తారు.

ఆ తరువాతే 29వ అధ్యాయం, చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం. ‘ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి, తోటలు నాటి వాటి ఫలముల ననుభవించుడి.’ రెండేళ్ల కోసం ఎవరైనా ఇల్లు కడతారా? కిరాయికుంటారు. పరాయి రాజు ఊళ్లో, విడుదల కనుచూపు మేరలో లేనప్పుడు, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరు తగ్గిపోవద్దు, అభివృద్ధి పొందండి అని చెప్పడంలోనే కృప ఉంది. మనం దాన్ని దాటేసి డెబ్బయ్యో ఏటికి ఉరుకుతాం.

మా చిన్నమ్మది నర్సంపేట వైపు ఒక పల్లె. చిన్నాయన గల్ఫ్ పోయి పాస్‌పోర్టు చేతిలో లేక అక్కడే ఇరుక్కుపోయాడు. ఆమె మిర్చి కల్లాల్లో కూలికి పోయేది. తొడిమలు తీసీ, తాలు కాయలు ఏరీ సాయంత్రానికి గోళ్ల సందుల్లో మంట. కొబ్బరినూనె రాసుకునేది. చేతులు జోడిస్తే ఇంకా మండుతాయని వేళ్లు ఎడంగా పెట్టి, అరచేతులు పైకి తెరిచి ప్రార్థన చేసేది. ‘ఎప్పుడు తోల్కొస్తవు ప్రభువా’ అని రోజూ అడిగేది. అడిగాక పొద్దున్నే లేచి పిల్లల డబ్బాలు కట్టేది. పెద్ద బిడ్డను నర్సింగ్‌లో చేర్పించింది కూడా ఆ రోజుల్లోనే. చిన్నాయన వచ్చాడు, కానీ షుగర్‌తో, సగం మనిషై వచ్చాడు. బిడ్డే ఇప్పుడు తండ్రికి ఇన్సులిన్ ఇస్తోంది. చిన్నమ్మను ఏ సభలోనూ సాక్ష్యం చెప్పమని పిలవలేదు. పిలవరు కూడా, అందులో చప్పట్లు కొట్టే చోటు లేదు.

క్రిస్మస్‌కు బండ్లు మాట్లాడుకుని మెదక్ చర్చికి పోతాం, సెల్ఫీలు దిగుతాం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరం కట్టడానికి పదేళ్లు పట్టింది. కరువులో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర చేయించిన కట్టడం. వాళ్లు కరువు పోయేదాకా చూస్తూ కూర్చోలేదు. రాళ్లు మోశారు, ఆ కూలితో పిల్లలను బతికించుకున్నారు.

బబులోను చెరలోనే బతికిన దానియేలును కూడా మరిచిపోవద్దు. డెబ్బై ఏళ్ల సంగతి యిర్మీయా గ్రంథంలో చదివి తెలుసుకున్నాడు. గడువు దగ్గరపడింది కదా అని ఊరుకోకుండా ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని బతిమాలాడు. మరి ఆయన యెరూషలేముకు తిరిగి వెళ్లాడా? వెళ్లినట్టు ఆయన గ్రంథంలో ఎక్కడా లేదు. ఆయన ఎవరి కోసం బతిమాలాడో వాళ్లు వెళ్లారు. దేవుడు ఆయనను తక్కువ ప్రేమించాడని ఎవరైనా అనగలరా?

హన్మకొండ రూముల్లో పరీక్షలకు చదివే తమ్ముళ్లూ, చదవండి, మధ్యలో చిన్న పని దొరికితే నామోషీ పడకుండా చేయండి. సంబంధం కుదరలేదని గుమ్మం దాటని చెల్లెళ్లూ, సండే స్కూల్‌లో టీచర్లు లేక పిల్లలు అల్లరి చేస్తున్నారు, రండి. మన పట్టణ క్షేమం కోసం ప్రార్థించమని అదే 29వ అధ్యాయం ఏడో వచనం. మన వీధిలో ఎవరి ఇంట్లో ఏం కష్టముందో ముందు తెలుసుకోండి. శుక్రవారం ఉపవాస కూడికలో 28, 29 రెండు అధ్యాయాలూ మొదటి నుంచి చదువుదాం. పెద్దక్షరాల బైబిల్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, పెద్దమ్మలకు ఫోన్‌లో కనబడటం లేదు.